మొదటి పూత

బావమరిదీ,

నీ రిమోట్ కారు బాడీకి రంగు వేశాను. గీతలకు టేపు, మంటల బొమ్మకు నువ్విచ్చిన మాస్కింగ్ ద్రవం, అదే రంగు అంటకుండా పూసి తర్వాత ఒలిచేసేది, వాడాను. అంచులు వెంట్రుకవాసి కూడా చెదరలేదు.

గాజులా అవతలికి కనిపించే ఆ బాడీకి లోపలివైపు రంగేస్తారు కాబట్టి మొదటి పూతే బయటికి కనిపిస్తుందని నువ్వు చెప్పబోతే, "ఇరవై ఏళ్లుగా కార్లకు రంగేస్తున్నా, నాకే నేర్పుతావా?" అన్నాను. నువ్వు నవ్వేసి వెళ్లావు. మళ్లీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

షెడ్డు అలవాటు కొద్దీ ముందు అడుగుపూతగా తెల్ల ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే టేపూ ద్రవమూ వేసి రంగులు కొట్టాను. ఇప్పుడు బయటంతా తెలుపు, మంటలన్నీ లోపల. మీ అక్క చూసి, "అచ్చం మా తమ్ముడే" అంది.

పందెం ఆదివారమే. కొత్త బాడీ తెచ్చాను. నువ్వొచ్చి పక్కన నిలబడితేగానీ రంగు డబ్బా మూత తీయను.

మీ బావ