ఏం చేశావని అడిగారు

శ్రీవారికి,

క్షేమమని రాయను, క్షేమమా అని అడగను. ఫోనులో చెబితే మీరు మధ్యలో అందుకుంటారు కాబట్టి కాగితం తీసుకున్నాను. కాగితం మీద మీరు నా మాటకు అడ్డు రాలేరు.

నాకు తొమ్మిదో వారం. అవును, మళ్ళీ. మీరు సెలవుకి వచ్చి వెళ్ళాక నెల తప్పాను. మీకు చెప్పలేదు, అత్తయ్యకు చెప్పలేదు, లాండ్రీలో నాతో పనిచేసేవాళ్ళెవరికీ చెప్పలేదు. ఈ ఉత్తరం కూడా ఇప్పుడే పోస్టు చెయ్యను. మూడో నెల దాటితే పంపుతాను. దాటకపోతే చించి పారేస్తాను, ఇక ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయినసారి ఏం చేశారో గుర్తుందా? డాక్టరమ్మ చెప్పిన రోజు సాయంత్రానికే మీరు పనిచేసే వంతెన దగ్గర వెల్డర్లందరికీ తెలిసిపోయింది. మన వీధిలో పాలతని నుంచి మేడ మీద వాళ్ళ దాకా ఎవరినీ వదల్లేదు. మీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పడం నా తప్పే. పదకొండో వారంలో పోయింది. మీరు హాయిగా వంతెన దగ్గరే ఉన్నారు. మీరు చెప్పిన ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి 'లేదండీ, పోయింది' అని చెప్పుకున్నది నేను. ఏడు నెలలయ్యాక కూడా వీధి చివరి వాచ్‌మన్ 'బాబా, పాపా అమ్మా?' అని నవ్వుతూ అడిగాడు. పాపం, అతనికేం తెలుసు. అతనికీ ఆ మాటే చెప్పి గేటు దాటాను.

అదైనా మరిచిపోదును. ఆసుపత్రి నుంచి ఫోను చేస్తే మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట 'ఏం చేశావు?' ఎలా ఉన్నావని కాదు. బరువెత్తావా, మెట్లు గబగబా దిగావా అని ఆ తర్వాత వరస. పది నెలలుగా ఆ మాట నన్ను తింటోంది. బట్టలు విడదీస్తూ నేనే వెతుక్కున్నాను. ఆ మంగళవారం దుప్పట్ల మూట ఎత్తాను. ఆదివారం కుర్చీ ఎక్కి బల్బు మార్చాను. బల్బు మార్చి బిడ్డను పోగొట్టుకున్నానని నన్ను నమ్మించింది మీరు.

ఈసారి నా జాగ్రత్తలు నావి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గుండీల డబ్బాలో దాచుకుని వేసుకుంటున్నాను. పొద్దున్నే వాంతులు. అత్తయ్యవి పాముచెవులు కదా, అందుకని కుళాయి తిప్పి ఆ చప్పుడులో కానిస్తున్నాను. ఇవాళ అలా పరుగెత్తబోయి నడవలో ఉన్న ఆవిడ చెక్కపెట్టె కాలికి తగిలి బోర్లా పడబోయాను. నడిచే దారికి అడ్డంగా ఆ పెట్టె ఎందుకో, జరుపుదామంటే 'దాని మీద చెయ్యి వెయ్యొద్దు' అని ఆవిడ ఎందుకు కసురుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మకు తగ్గ కొడుకు మీరు.

ప్రస్తుతానికి మీ భార్యనే.


శ్రీవారికి,

పదో వారం. కోపంతో గబగబా రాస్తున్నాను, అక్షరాలు బాగోలేవంటే చదవడం మానెయ్యండి.

లాండ్రీలో నా పని మీకు తెలుసు. మూటలు విప్పి, జేబులు దులిపి, ఏ బట్ట ఏ ఉతుకుకో విడదీయడం. మీరు నేర్పిన భయం ఊరుకుంటుందా? మూట చూస్తే చాలు, అడుగు వెనక్కి పడుతోంది. నిజం చెప్పకుండా ఆ పని తప్పించుకోవాలని ఓనరుగారితో 'దుమ్ము పడటం లేదండీ, ఆయాసం వస్తోంది' అన్నాను. మంచి మనిషి. మర్నాడు నేను వెళ్ళేసరికి ఏర్పాటు చేసేశారు. 'దుమ్ము లేని చోటు మన దగ్గర ఒక్కటే ఉందమ్మా' అని వెనకాల డ్రై క్లీనింగ్ యంత్రం గదిలో కుర్చీ వేయించారు. శుభ్రమైన బట్టల మీద దుమ్ము వాలకూడదని ఆ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. దుమ్ము నిజంగానే లేదు. ఉన్నదల్లా యంత్రంలో పోసే మందు వాసన. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను. నోరు తెరిచి ఏమనను? నిన్న దుమ్ము పడదన్న మనిషి ఇవాళ వాసన పడదంటే నవ్విపోరూ? నాలుగు రోజులు కూర్చున్నాను. తలనొప్పి వస్తే వేవిళ్ళేలే అని సర్దిచెప్పుకున్నాను.

ఐదో రోజు డాక్టరమ్మ ఏం పని చేస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"మాత్రలేమో దాచుకుని మరీ మింగుతున్నావు, పగలంతా ఆ మందు పీలుస్తున్నావు. ఎవర్ని మోసం చేద్దామని? ఇవాళే ఆ గదిలోంచి బయటికి రా."

స్కానింగ్‌లో గుండె కొట్టుకుంటోంది. ఇప్పటికి బాగానే ఉంది, రెండు వారాలాగి మళ్ళీ చూద్దామంది. అప్పుడు అడిగాను, మూట సంగతి, బల్బు సంగతి.

"మొదటి నెలల్లో పోయేవి చాలావరకు పిండం సరిగా కట్టక పోయేవే. నువ్వు చేసిందేం లేదు. బల్బు మారిస్తే పోయేట్టయితే ఊళ్ళన్నీ చీకట్లోనే ఉండేవి."

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆసుపత్రి నుంచి తిన్నగా వెళ్ళి ఓనరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అయ్యో తల్లీ, నా చేతులతో నేనే ఆ గదిలో కూర్చోబెట్టానా. ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు."

విన్నారా? మీ బిడ్డ కబురు ముందు విన్నది మీరు కాదు. మీరు అడగాల్సిన మాట అడిగింది కూడా మీరు కాదు. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. మీ మీద సగం, నా మీద సగం. మీతో చెప్పగలిగి ఉంటే ఆ అబద్ధం ఆడేదాన్ని కాదు, ఆ గదిలో నాలుగు రోజులు కూర్చునేదాన్నీ కాదు. ఇప్పుడు ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని బట్టలకు చీటీలు కుడుతున్నాను. గాలి బాగా వస్తోంది.

మీరు అడగని మనిషి.


ఏమండీ,

పదమూడో వారం. పన్నెండు దాటాక తీసిన స్కానింగ్‌లో కూడా అంతా సవ్యంగా ఉంది. ఇంటికి రాగానే అత్తయ్యకు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"రోజూ పొద్దున్నే కుళాయి అంతసేపు తిప్పుతుంటే ట్యాంకు ఖాళీ అవుతోంది. నాకు తెలీదనుకున్నావా? నువ్వు చెప్పేదాకా అడగకూడదని ఊరుకున్నా."

అప్పుడు వెలిగింది. నా మంచం పక్కన రోజూ ఉంటున్న రస్కుల డబ్బా ఆవిడ మరిచిపోయి వదిలేసింది కాదు, నా వేవిళ్ళ కోసం పెట్టింది. వంటింట్లో నెల రోజులుగా వేపుళ్ళు మానేసింది ఆవిడ ఆరోగ్యం కోసం కాదు. ఆ మెత్తదనానికి నా నోరు ఆగలేదు, మీరన్న మాట కక్కేశాను. అత్తయ్య బియ్యం చాట పక్కన పెట్టారు.

"ఆ మాట వాడిది కాదమ్మా. వాళ్ళ నాన్నది. వాడికంటే ముందు నాకొకటి మూడో నెలలో పోయింది. ఆ పెట్టె కిటికీ కిందికి జరుపుదామని తోస్తుంటే సగం దూరంలో నడుం పట్టేసింది, వదిలేశా. మర్నాడు పోయింది. ఆయనొచ్చి ఏం చేశావన్నారు. పెట్టె జరిపానన్నా. పెట్టె జరిపి నీకు ముందు బిడ్డను పోగొట్టుకున్నానని వాడికి చిన్నప్పట్నుంచీ నేనే చెప్పా."

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. నమ్మలేదు. "అదంతా ఇప్పటివాళ్ళ సంగతేమో" అన్నారు. మొన్న నేను మళ్ళీ ఆసుపత్రికి వెళ్తుంటే తనూ చెప్పులేసుకున్నారు. లోపల పెట్టె సంగతి డాక్టరమ్మకు నేనే చెప్పాను. అంతా అయిపోయి బయటికి వస్తుంటే గుమ్మం పట్టుకుని ఆగిపోయారు.

"ముప్పై ఆరేళ్ళ కిందటిదైనా అంతేనా అమ్మా?"

"అంతేనమ్మా. మీరు చేసిందేం లేదు" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి, కొంగు దోపుకుని, వంగి ఆ పెట్టెను తొయ్యడం మొదలుపెట్టారు. నేను లేవబోతే "నువ్వు కూర్చో, ఇది నేనే జరుపుకోవాలి" అన్నారు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. కిటికీ కిందికి చేర్చాక, నడవలో పెట్టె ఉన్నంత మేరా నేల తెల్లగా కనిపించింది. తడిగుడ్డ పెట్టి తుడిచారు.

నా కోపం తగ్గిందనుకోకండి. ఆ మాట మీకెక్కడి నుంచి వచ్చిందో తెలిసింది, అంతే. అది మన బిడ్డ దాకా రావడానికి వీల్లేదు. మూడు ఉత్తరాలూ ఒకే కవరులో పెడుతున్నాను, వరసగా చదవండి. వాచ్‌మన్‌కి, మేడ మీద వాళ్ళకి నాకు చెప్పాలనిపించినప్పుడు నేను చెప్పుకుంటాను, మీరు నోరు కట్టుకోండి. చదవడం అయ్యాక ఫోను చెయ్యండి. ముందు అత్తయ్యకు. 'అప్పుడు నువ్వెలా ఉన్నావమ్మా' అని అడగండి. ఆ ఒక్క మాట ఆవిడను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆవిడ చెప్పినంతసేపూ అడ్డు రాకుండా వినండి.

తర్వాత ఆవిడ ఫోను నాకిస్తారు. నేనేమీ మాట్లాడను. మీరు ముందు ఏమడుగుతారో వింటాను.

ఇట్లు,
కిటికీ పక్కన కూర్చున్న
మీ భార్య