ప్రార్థన కానిదే ముట్టుకోకూడని కంప్యూటరు

కెజియా,

ఆకివీడు చేపల షెడ్డుకి ఆటో వచ్చేసింది, నిన్ను లేపకుండా వెళ్తున్నాను. చద్దన్నంలో పెరుగు కలిపి పెట్టాను, తినకుండా బడికి వెళ్లకు.

కంప్యూటరు జోలికి మాత్రం పోవద్దు. నీ స్కూలు ప్రాజెక్టు కోసమే కొన్నాం, కాదనను. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తానన్నారు. మీ నాన్నగారి కొత్త దోనెని కూడా ప్రార్థన చేయించాకే కొల్లేట్లో దించాం. నిన్న బిగించినాయన వెలిగించి చూపించాడు కదా అని వాదించకు, అది వేరు. రెండు రోజులు ఆగమంటే మూతి ముడుచుకుని పడుకున్నావు. అమ్మ మీద అంత కోపమా?

అమ్మ

ఇంకో మాట. పొద్దున్నే దుమ్ము తుడుద్దామని కూర్చుని, ఊరుకోలేక మీట నొక్కేశాను. వెలిగిందే! నిన్న ఆయన నీకు నేర్పుతుంటే నేనూ వంటింటి గుమ్మంలోంచి చూశానులే, అలాగే తెల్ల కాగితంలాంటిది తెరిచాను. అక్షరాలు వరసలో లేవేమిటే? జెడ్ ఎక్కడో మూలన దాక్కుంది. ఒంటి వేలితో పావుగంట వెతికి నీ పేరు కొట్టాను. ఎంత బాగుందో!

ఆర్పడం మాత్రం రాలేదు. ఆయన అది చూపించేటప్పుడు కూర మాడుతోందని లేచి వెళ్లిపోయాను. అందుకని వెలుగు కనిపించకుండా తువ్వాలు కప్పి వెళ్తున్నాను. లేవగానే నువ్వే ఆర్పెయ్యి, పాస్టరుగారితో అనకు.

ఆర్పే ముందు, నీ పేరు కింద నా పేరు కూడా కొట్టు.