కుంటకొచ్చిన చుట్టాలు

మెదక్

ప్రభుదాసు చిన్నాయనకు ఎలిశిబా వందనాలు.

నీ కుంటంతా నాచు కమ్మింది, మందు పోయాలా అని రాశావు. నీళ్ళలో మునిగి పెరిగే మొక్కలన్నీ మనకు ఒక్క ‘నాచు’ ఎట్లా అయ్యాయి? వృక్షశాస్త్రం చదివిన నాటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఏ మొక్కో తెలియకుండా మందు పోయకు. ఒక తీగ నలిపి వాసన చూడు. కణుపు చుట్టూ ఎన్ని ఆకులో, అంచు గరుకో నునుపో రాయి. తెంపి నీళ్ళలో వదలకు, ముక్క ముక్కా మళ్ళీ మొలుస్తుంది.

నీ అన్న బిడ్డ

తా.క. నీ ఫోన్ ఎందుకు కలవదు?

టేక్మాల్

బిడ్డకు దీవెనలు.

నలిపి వాసన జూసిన. ఎల్లిగడ్డ వాసన మస్తు గొట్టింది. తర్వాత యాదికొచ్చింది, అప్పుడే ఎల్లిగడ్డ తొక్కుతోని బువ్వ తిన్న. చెయ్యి కడిగి మల్ల జూసిన, ఉత్త బురద. ఆకులు ఐదారు, అంచు గరుకు. జల్ది చెప్పు. ఎండకాలం లోపట నాచు పోకుంటె కుంట పూడ్చి ప్లాట్లు జేస్తనంటుండు నా కొడుకు జాన్సన్. మా నాయిన తవ్విన కుంట బిడ్డా.

చిన్నాయన

తా.క. ఫోను కుంటల పడ్డది. కాల్ జెయ్యకు, చేపలు పరేషాన్ అయితయి.

మెదక్

చిన్నాయనకు వందనాలు.

వెల్లుల్లి వాసన ఉంటే అది వేరే జాతి. ఆ వాసన లేదు, అంచు గరుకు అంటే బహుశా హైడ్రిల్లా అనే మొక్క. ఖాయంగా అనలేను. జానెడు గడ్డిచేపలు తెచ్చి వదులు. నాచును అవే మేస్తాయి. అవి బయటికి పోకుండా తూముకు జాలీ కట్టు.

ఎలిశిబా

తా.క. ‘బహుశా’ అన్నానని జాన్సన్‌కు చెప్పకు.

టేక్మాల్

బిడ్డకు దీవెనలు.

రామాయంపేట దాకా పోయి తెచ్చిన. నాచు ఇంకింత పెరిగింది, చేపలు ముడుతలేవు. నువ్వు చదివిన బుక్కు అవి చదవలేదు. జాన్సన్ నవ్వుతుండు.

చిన్నాయన

తా.క. పొద్దుమాపు తవుడు ముద్దలు పెడుతున్న. గంత దూరం కెల్లి వచ్చిన చుట్టాలను ఉపాసం పెడతమా?

మెదక్

చిన్నాయనా, వందనాలు. తవుడు ఆపు! కడుపు నిండినవి నాచెందుకు తింటాయి?

ఎలిశిబా

తా.క. అవి చుట్టాలు కావు, కూలీలు.

టేక్మాల్

బిడ్డకు దీవెనలు.

కూలీలకు బువ్వ పెట్టమా? అయినా నీ మాట ఇని ఆపిన. ఎండకాలం దాకా ఆగుడెందుకని నిన్న జాన్సన్ కుంట పూడ్చనీకి జేసీబీ ఆయనను తోలుకొచ్చిండు. జాన్సన్ కట్ట మీద ఎటు నడిస్తె అటు, నోర్లు తెరిచి చేపలన్ని ఎంబడి వడ్డయి. “ఏందే నాయినా, గిట్ల జూస్తున్నయి?” అన్నడు. “ఆకలిరా” అన్న. ఉరికి తవుడు తెచ్చి తనే కలిపిండు. జేసీబీ వాపస్ పోయింది. ఇగ కుంట పూడ్చడట, చేపలు పట్టనియ్యడట.

చిన్నాయన

తా.క. ఒక చేపకు నీ పేరు పెట్టిండు. అటు పోవాల్నా ఇటు పోవాల్నా అని నడుమలనే ఆగుతదట.

మెదక్

చిన్నాయనకు వందనాలు.

కుంట దక్కింది, సంతోషం. కానీ తవుడు పెడితే నాచు పోదు. నాచు కమ్ముకుంటే ఎండాకాలం తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. తవుడు ఆపితే నాచు పోతుంది, జాన్సన్ మనసు విరుగుతుంది. జేసీబీ మళ్ళీ రావచ్చు. సగం పెట్టమందామంటే, ఆ సగం ఎంతో నాకు తెలియదు. ఈ ఉత్తరం రెండుసార్లు చింపి రాశాను. పెట్టమనాలో, ఆపమనాలో ఇంకా తేల్చుకోలేదు.

ఎలిశిబా