అరవై రెండో లైను

తిరుపతి,
జులై 3

చెంగయ్య బావకు,

ఫోన్ చేస్తే మధ్యలో నువ్వే మాట్లాడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీ కూతురు నందిని చేసిన పని తెలుసుకో.

మా రీడింగ్ రూమ్‌ పుస్తకాల జాబితా కోసం ఈ వయసులో నేను రూబీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ప్రోగ్రామ్ రాశాను. నేర్పింది నందినే, కాదనను. నిన్న సాయంత్రం కమిటీకి జాబితా చూపించాల్సి ఉండింది. పొద్దున నందిని వచ్చి, చివర్లో మొత్తం పుస్తకాలెన్నో కూడా తెలిస్తే బాగుంటుందని రెండు లైన్లు చేర్చింది. మధ్యాహ్నం నేను ప్రింటు తీసి, అంతా ఒకసారి దిద్దాను కూడా. తీరా సాయంత్రం, తిరిగొచ్చిన నందినితో సహా అందరి ముందు నడిపితే జాబితా రాలేదు. అరవై రెండో లైనులో తప్పుందని వచ్చింది. అది నందిని చేర్చిన చివరి లైను. ఆ మాట అక్కడే చెప్పాను. సోమవారం నుంచి ఆమెను కంప్యూటర్ పనికి తీసుకోవాలనుకున్న సెక్రటరీ ప్రతాప్ ఇప్పుడు వద్దన్నాడు.

మూడు భాషలు చదివి, నలభై ఏళ్లు ప్రెస్‌లో ప్రూఫులు దిద్దినవాణ్ణి నేను. నీ తమ్ముడి కూతురి పెళ్లిలో నలుగురి మధ్య, "అచ్చుతప్పులు ఏరుకునేవానికి కంప్యూటరేందప్పా" అని నవ్వినావు. ఇంక నీ ఇంటికీ నాకూ రాకపోకలు లేవు.

సుబ్రమణ్యం


తిరుపతి,
జులై 9

బావా,

పోయిన ఉత్తరం చించెయ్. చంద్రకాంతమ్మకు చదివి వినిపించి ఉంటే, ఇదీ వినిపించు. అన్న తప్పు చెల్లెలికి తెలియాల్సిందే.

నందిని తప్పును రుజువు చేద్దామని ఆమె చేర్చిన రెండు లైన్లూ తీసేసి ప్రోగ్రామ్ నడిపాను. అయినా జాబితా రాలేదు. ఈసారి తప్పు అరవయ్యో లైనులో ఉందని వచ్చింది. అది నేను రాసిన లైను. దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అందులో ఏ తప్పూ లేదు.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేదాన్ని లూపు అంటారు. ఒక్కో బీరువాకు ఒక లూపు, దాని లోపల ఒక్కో పుస్తకానికి ఇంకో లూపు రాశాను. డూ అని తెరిచిన ప్రతి లూపునూ ఎండ్ అని మూయాలి. ఒకటి మూయకపోతే రూబీ అక్కడ ఆగదు, ముందెక్కడైనా మూస్తారులే అని చివరిదాకా చదువుకుంటూ పోయి, అక్కడ కూడా ఎండ్ కనబడకపోతే అప్పుడు చెబుతుంది. అది చూపించే లైను తప్పు జరిగిన చోటు కాదు, అది ఎదురుచూసి అలిసిపోయిన చోటు.

ప్రింటు కాగితం తీసి ఒక్కో డూకు ఒక్కో ఎండ్ కలుపుతూ పోయాను. పందొమ్మిదో లైనులోని లూపుకు ఎండ్ లేదు. ఉండాల్సిన చోట ఎర్ర సిరాతో కొట్టివేత ఉంది. అది నా చేతిదే. రెండు ఎండ్‌లు ఒకదాని కింద ఒకటి కనబడితే, ఒకే మాట రెండుసార్లు పడిందనుకుని, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ రెండోది కొట్టేశాను. ఆనక కంప్యూటర్లోనూ తీసేశాను. నేను దిద్దినచోట తప్పుంటుందని ఒక్క క్షణమైనా అనుకోలేదు చూడు, అదీ నా రోగం.

చిత్తూరులో నందిని హాస్టల్‌కు పోయి కాగితం చేతిలో పెట్టాను.

"పొద్దున నేను నడిపి సూసినాకే పోయినాను మామా. జాబితా బాగానే వచ్చినాది."

"ఆ మాట ఆడనే సెప్పొచ్చు గదా?"

"సెప్పనిస్తివా నువ్వు?"

నిన్న కమిటీని మళ్లీ కూర్చోబెట్టి, అదే గదిలో ఆ కాగితం చూపించి తప్పు నాదని చెప్పాను. పోయిన ఎండ్ పెట్టి, నందిని లైన్లు తిరిగి చేర్చి నడిపితే, రెండు వేల మూడు వందల పద్నాలుగు పుస్తకాలు వరసగా వచ్చాయి. ప్రతాప్ సోమవారం నుంచి రమ్మన్నాడు. నందిని వస్తానంది, కానీ ఒక షరతు పెట్టింది: ఆమెను అడగకుండా నేను ఒక్క మాట కూడా కొట్టేయకూడదట.

నీ మీద కోపాలు చాలా ఉన్నాయి, అవేవీ పోలేదు. ఆదివారం మీ ఊరు ఐరాలకు వచ్చి ఎదురుగా కూర్చునే తిడతాను. నందిని షరతుకు మాత్రం ఒప్పుకున్నాను. అరవై తొమ్మిదేళ్లలో నా మీద ఒకరికి పెత్తనం ఇవ్వడం ఇదే మొదలు. ప్రాణం తేలికపడింది బావా.

నీ బావమరిది
సుబ్రమణ్యం