తొంభై ఏడు కిలోలకో జత చక్రాలు

ఏప్రిల్ 2, సోమవారం

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

నెలాఖరు ఆదివారం ట్రయథ్లాన్. మాది ఇంటి జట్టు. ఈత మా ఆయన, సైకిలు నేను, పరుగు మా ఆడపడుచు. పోయినేడాది సగం దారిలో నా వెనక చక్రం స్పోకులు పుటుక్కు పుటుక్కుమని తెగాయి. పాపం మా ఆడపడుచు బూట్లు బిగించుకుని, నా కోసం దారి చూసి చూసి, ఒక్క అడుగు కూడా పరిగెత్తకుండా ఇంటికొచ్చింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బావుండేది.

కాబట్టి తీర్మానం: ఈసారి రేసు చక్రాలు బుద్ధిగా ఎంచుకుంటాను. అందం చూడను. ఎంత బరువు మోస్తాయో చూస్తాను. నా బరువు అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను.

తొంభై ఏడు. ఇదుగో, రాసేశాను. కొంపలేం మునగలేదు.

ఏప్రిల్ 3, మంగళవారం

నా పళ్ల క్లినిక్‌లో పేషెంటుకీ పేషెంటుకీ మధ్య చక్రాల గురించి చదువే చదువు. ఒక పెద్దాయన నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉన్న సంగతే మర్చిపోయాను. "ఆఁ... ఆఁ..." అంటే నొప్పేమో అనుకున్నా. ఇంటికెళ్తానంటున్నాడు.

తెలిసిందేమిటంటే, రిమ్ము ఎంత లోతుగా ఉంటే గాలిని అంత బాగా కోసుకుపోతుంది. కానీ నాలాంటి నిండైన మనిషికి ముందు కావాల్సింది గట్టిదనం. స్పోకులు దట్టంగా, రిమ్ము వెడల్పుగా, టైరు లావుగా. లావుకి లావే తోడు!

ఏం కొనాలో తేలిపోయింది. ఇంత సులువా!

ఏప్రిల్ 5, గురువారం

సైకిళ్ల షాపు. షాపాయన నోట్లో 'కాదు' అనే మాట పుట్టలేదు. ఏమడిగినా "అలాగే మేడం" అంటాడు.

రెండు జతలు చూపించాడు. మొదటిది బూడిద రంగు. మధ్యరకం లోతు, బోలెడు స్పోకులు, నూట ఇరవై కిలోలు మోస్తుందట. చూడ్డానికి హాస్పిటల్ మంచంలా ఉంది.

రెండోది నలుపు. జానెడు లోతు. స్పోకులు అక్కడొకటి అక్కడొకటి. వేలితో తిప్పాను. వూఁ... అంది. నా ఒళ్లు ఝల్లుమంది.

రిమ్ము మీద చిన్న స్టిక్కరు: మనిషి, బట్టలు, నీళ్ల సీసా అన్నీ కలిపి ఎనభై ఐదు కిలోలు. అంత చిన్న అక్షరాల్లో రాశారంటే పెద్ద విషయం కాదనేగా?

"మీ బరువెంత మేడం?"

"ఎనభై..."

"ఎనభయ్యా?"

"ఎనభై పైన."

తొంభై ఏడు ఎనభై పైనే కదా. అబద్ధం ఎక్కడుంది?

షాపాయన నన్ను చూశాడు, స్టిక్కరు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "అలాగే మేడం."

ఇంటికి తెచ్చేసరికి గుమ్మంలోనే అత్తయ్య. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అబద్ధం వీధి చివర ఉండగానే వాసన పట్టేస్తారు.

"ఏంటమ్మాయ్ ఆ పెట్టె?"

"క్లినిక్ సామాను అత్తయ్యా."

"అంత గుండ్రటి పళ్లు ఎవరివమ్మా?"

ఏప్రిల్ 6, శుక్రవారం

స్నానం చేస్తుంటే వెలిగింది. చక్రం నాకు సరిపోకపోతే నేనే చక్రానికి సరిపోతాను! పన్నెండు కిలోలు తగ్గితే చాలు. రేసు మూడు వారాల పైనే ఉందిగా.

మధ్యాహ్నం: కీరదోసకాయ.
సాయంత్రం: కీరదోసకాయ, కాస్త ఉప్పు.
రాత్రి: ఉప్పు బాగుంది.

ఏప్రిల్ 9, సోమవారం

బరువు 96.4! వాచీ తీసి చూశాను. 96.3! జడ క్లిప్పు కూడా తీసేశాను. కదల్లేదు. క్లిప్పు మళ్లీ పెట్టేసుకున్నా.

ఏప్రిల్ 12, గురువారం

క్లినిక్‌లో నర్సమ్మ పుట్టినరోజు. కేకు. పళ్ల డాక్టరు ఎదురుగా తినడానికి అందరూ మొహమాటపడుతున్నారు. వాళ్ల మొహమాటం పోగొట్టాలని ఒక ముక్క తిన్నాను.

మొహమాటం గట్టిగానే ఉంది. మూడు ముక్కలు పట్టింది.

ఏప్రిల్ 14, శనివారం

నల్ల చక్రాల మీద మొదటి సవారీ!!! చదును రోడ్డు మీద ఎగిరిపోయాను. వూఁ... వూఁ... పక్కన స్కూటరాయన తల తిప్పి చూశాడు. వెయింగ్ మిషన్ సోఫా కింద ఉంది. అక్కడే ఉండనీ.

ఏప్రిల్ 18, బుధవారం

ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే వెనక నుంచి ష్... ష్... అని చప్పుడు. నా బరువుకి చక్రం అటూ ఇటూ వంగి బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది.

బ్రేకు కాస్త వదులు చేశాను. చప్పుడు పోయింది. సమస్య తీరింది.

బరువు 98. కండ పట్టినట్టుంది.

ఏప్రిల్ 21, శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నా. కుడి మణికట్టుకి కట్టు.

పొద్దున ప్రాక్టీసుకి మా ఆడపడుచు తన పాత సైకిలేసుకుని నా వెనకే వచ్చింది. దిగుడులో మలుపు. బ్రేకు నొక్కాను. పిడి హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చింది గానీ బండి ఆగలేదు. ఎదురుగా గుంట. వెనక చక్రం ఫట్‌మని ఒంకర తిరిగింది. నేను పొదలో పడ్డాను. నన్ను తప్పించబోయి ఆ పిల్ల రోడ్డు మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. పరిగెత్తాల్సిన మోకాలు!

నేను గాభరాగా రక్తం తుడుస్తుంటే, తను కూర్చున్నచోటే నా చక్రాన్ని దగ్గరికి లాక్కుని స్టిక్కరు చదివింది. పోస్టాఫీసులో పని, ఎంత చిన్న అక్షరాలైనా చదివేస్తుంది.

"వదినా, దీని మీద ఎనభై ఐదని ఉంది. నువ్వెంత?"

నేను హెల్మెట్ తియ్యలేదు. మొహం కొంచెమైనా దాగుతుందని.

"తొంభై ఎనిమిది."

పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"పోయినేడాది నేను నిలబడ్డది పరుగు కోసం కాదు వదినా. నీకేమైందో తెలీక. అంబులెన్సు పోయినప్పుడల్లా నువ్వే అనుకున్నా. ఈ బరువు సంగతి నాకు చెప్పుంటే ఏం పోయేది? నేనేమైనా తూకం రాళ్లు పట్టుకు తిరుగుతున్నానా?"

ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ ఇంటికొచ్చాం. కుంటుతూ కూడా తను నా సైకిలే పట్టుకుంది. దాని చక్రమే కదా తిరగనిది.

ఏప్రిల్ 22, ఆదివారం

ఇంట్లో కోర్టు. అత్తయ్య జడ్జి.

"ఇలాంటి అబద్ధాలు నా బళ్లో మూడో తరగతి పిల్లలు చెప్పేవాళ్లు. అదీ ఇంతకంటే నేర్పుగా."

మా ఆయన దీర్ఘంగా నిట్టూర్చారు. "నువ్వు నాకు చెప్పాల్సింది. మన మధ్య దాపరికాలేంటి?"

"మరి నువ్వు ఈత సూటు వేసుకుని ఎందుకురా ఊపిరి బిగపట్టుకుంటున్నావ్?" అన్నారు అత్తయ్య.

సూటు ఒక సైజు చిన్నదట! జిప్పు పడాలంటే గాలి వదిలెయ్యాలట. ఈదాలంటే గాలి పీల్చాలట. రెండూ కుదరడంలేదట. నా మీద కేసు అంతటితో కొట్టేశారు.

ఏప్రిల్ 24, మంగళవారం

అత్తయ్యని వెంటబెట్టుకుని షాపుకి. ఒంకర తిరిగిన చక్రాన్ని వెనక్కి తీసుకోనన్నాడు. ఆయన నోట 'కాదు' వినడం ఇదే మొదలు. న్యాయమే.

"బూడిద రంగు జత ఇవ్వండి."

"మీ బరువెంత మేడం?"

గొంతు సవరించుకున్నాను. "తొంభై ఎనిమిది!"

గట్టిగానే వచ్చినట్టుంది. అటు సైకిలు గంటలు చూసుకుంటున్న దంపతులు ఇటు తిరిగారు. తిరగనీ. చెప్పేశాక నాకే నవ్వొచ్చింది. పదహారు రోజులు కీరదోసకాయ నమిలింది ఈ ఒక్క మాట చెప్పలేకా?

ఏప్రిల్ 29, ఆదివారం

రేసు. చెరువు మీంచి ఒకటే గాలి.

మా ఆయన కొత్త సూటులో హాయిగా ఊపిరి తీసుకుంటూ, మరీ హాయిగా, చివరి వాళ్లతో ఒడ్డుకి వచ్చారు. మణికట్టు కట్టు విప్పేసి నేను ఎక్కాను. గట్టు మీద రోడ్డు, పక్కనుంచి ఈదురుగాలి. సన్నటి వాళ్లంతా లోతు చక్రాలతో తెగ ఊగిపోతున్నారు. రిమ్ము లోతుగా ఉంటే పక్కగాలి దాన్ని తెరచాపలా తోసేస్తుంది. కొందరు దిగి నడిపిస్తున్నారు. నన్ను కదపాలంటే ఆ గాలి ఇంటికెళ్లి చుట్టపక్కాలందర్నీ పిలుచుకు రావాలి!

ఒకర్ని దాటాను. ఇంకొకర్ని దాటాను. ఒకతను "అక్కా, మీ పక్కన నక్కి తొక్కనా, గాలి తగలదు" అన్నాడు. రూల్సు ఒప్పుకోవు తమ్ముడూ!

గడువు ఇంకా ఉండగానే వచ్చి పడ్డాను. తర్వాతి మనిషికి అందించాల్సిన టైమింగ్ చిప్పు పట్టీ నా కాలికుంది. మా ఆడపడుచే వంగి విప్పుకుంది. "వచ్చేశావా వదినా!" అంటూ ఒక్క ఉదుటున కదిలింది. మోకాలికి కట్టు. మొదట కుంటింది, తర్వాత పరిగెత్తింది, చివర్లో రెండూ చేసింది. గీత దాటి నా మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఆయన ఫొటో తియ్యబోయి తన బొటనవేలు తీశారు.

ఆఖరి నుంచి నాలుగో జట్టు!

ఏప్రిల్ 30, సోమవారం

షాపాయన ఫోను. "మేడం, వెనకవైపుకి నిండు చక్రం వచ్చింది. పళ్లెంలా ఉంటుంది. అసలు స్పోకులే ఉండవు."

స్పోకులే లేకపోతే తెగడానికేముంది!

తీర్మానం: ఈసారి నిజంగా బుద్ధిగా. ముందు స్టిక్కరు, తర్వాతే చక్రం. ఇవాళ ఊరికే చూసొస్తాను. అంతే.

చెప్పులేసుకునేసరికి గుమ్మంలో అత్తయ్య, చేతిసంచితో సహా సిద్ధం.

"ఆపకండి అత్తయ్యా. చూడ్డానికే."

"ఆపడానికెవరొచ్చారమ్మాయ్? మొన్న ఆ బూడిద రంగు తెచ్చి నా కళ్లు కాల్చావ్. ఎరుపు ఉందేమో అడుగుదాం పద."