తట్టల వరుసలో పాటల డబ్బీ

అమ్మకు హెప్సిబా వందనాలు. పూనాలో మేమిద్దరం బాగానే ఉన్నాం, పరేషాన్ కావద్దు.

నీ అల్లుడు నాకు అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్ కొనిచ్చాడు. మొన్న స్లాబు పోస్తుంటే అది చెవులకు పెట్టుకుని తట్టలందించే వరుసలో నిలబడ్డాను. హుషారు పాట రాగానే నా చేతులు ఉరికాయి, నాతోపాటు వరుసంతా ఉరకాల్సి వచ్చింది. పొద్దుండగానే స్లాబు అయిపోయింది. ఇప్పుడు మేస్త్రి రోజూ "గా పాటనే పెట్టుకో బిడ్డా" అంటున్నాడు, ఆడవాళ్లేమో నన్ను తిడుతున్నారు.

బర్రె ఈనిందా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? అందరికీ వందనాలు చెప్పు.

ఇందులో మన గొంతు కూడా రికార్డవుతుంది. వానలకు మేం ఊరికి వచ్చినప్పుడు నువ్వు కలుపు తీస్తూ నిదానంగా పాడే పాట పాడాలి, సిగ్గుపడొద్దు. ఇక నా చెవిలో అంత నిదానమైన పాటే మోగాలని వరుసలోని ఆడవాళ్లంతా తీర్మానించారు.