చక్రం వెనక మన్ను

బావా,

పికప్ ముందు చక్రాల మీద ప్లాస్టిక్ తొడుగు పొట్టిగా ఉందని, మన్నంతా డోరు కిందికి కొడుతోందని మూడు నెలలుగా అంటానే ఉండావు. ఇంక నేనే చేసేసినా. పగిలిన నీళ్ల డ్రమ్ము కోసి, చక్రాల వెనక తగిలించేదానికి రెండు పక్కలకూ రెండు ముక్కలు చేసి టీవీ కింద పెట్టినా. కొలతకు క్యాలెండరు అట్ట కోసినా, తిట్టొద్దు. మేకు కాల్చి బొక్కలు కూడా పొడిచినా. నువ్వు బోల్టులు బిగిస్తే చాలు. బిగించినంక స్టీరింగు రెండు పక్కలకూ మొత్తం తిప్పి చూడు. టైరు తగిలితే అంచు కొంచెం కోసెయ్.

"ఇంగ రెండు వానలు పడితే డోరు కింద తుప్పు తినేస్తాదక్కా" అని తిరుత్తణి మెకానిక్కు శరవణన్ చెప్పినాడు.

దోసె పిండి ఫ్రిజ్‌లో ఉంది.

నేను కంపెనీ బస్సుకు పోయేటప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు. నేను వచ్చేసరికి లోడుకు పోయుంటావు. ఇది రాస్తా ఉంటే కూడా లోపల నీ గురక వినిపిస్తోంది. యాడికి పోయొచ్చినావని అడిగేదానికి కుదరదు. పొద్దున్నే బండి కడిగేటప్పుడు చక్రం వెనక మన్ను చూసి తెలుసుకుంటా. ఎర్రమన్నయితే పాండూరు. ఇసకయితే ఆరణి. ఏమీ లేకుంటే హైవే మీద ఎలవూరు దాటి పోయినావని.

బస్సు హారన్ కొడతా ఉంది.

కాంచన

కుడి పక్కది ఒక్కటే బిగించు బావా. ఎడమ పక్కది ఇద్దరం మేలుకుని ఉన్న దినం కలిసి బిగిద్దాం. అంతదాకా ఆ పక్క మన్ను నాకుండనీ.